వెదికేవారికి తెలిసిన చోటు

దానియేలు మీద నేరం మోపడానికి బబులోను అధికారులు చాలా వెదికారు. రాజుగారి లెక్కల్లో తప్పు దొరకలేదు. లంచం దొరకలేదు. కొలువులో అలసత్వమైనా దొరకలేదు. చివరికి వారికి ఒకే దారి కనబడింది. ఈ మనిషి రోజుకు మూడుసార్లు తన మేడగదిలో, యెరూషలేము వైపు తెరిచిన కిటికీల ముందు మోకరిస్తాడు. ఆ మోకరించడాన్నే నేరంగా మార్చాలి. ముప్పై దినాల వరకు రాజుకు తప్ప మరే దేవునికీ మరే మనిషికీ ఎవరూ మనవి చేసుకోరాదని శాసనం వ్రాయించి దర్యావేషు రాజు చేత సంతకం చేయించారు. ఆ తర్వాత వారికి మిగిలిన పని స్వల్పం. వేళ చూసుకొని ఆ ఇంటికి వెళ్ళడమే.

గమనించండి ప్రియులారా, ఆ పన్నాగమంతా ఒక్క నమ్మకం మీద నిలిచింది. ఈ ముసలాయన మానడు అన్నదే ఆ నమ్మకం. వారు ఆయన దేవుణ్ణి నమ్మినవారు కారు; ఆయన అలవాటును మాత్రం పూర్తిగా నమ్మారు. ప్రాణం పోతుందని తెలిసినా ఆ వేళకు ఆ గదిలో ఆ కిటికీ దగ్గర ఉంటాడని ఎంత గట్టిగా నమ్మారంటే, తమ పదవులనూ రాజు పరువునూ దాని మీద ఒడ్డారు. ఒక భక్తునికి లోకం ఇచ్చిన యోగ్యతాపత్రాల్లో ఇంతకు మించినది నాకు కనబడదు.

శాసనం సంగతి తెలిసే దానియేలు ఇంటికి వెళ్ళాడు. ఎప్పటిలాగే మోకరించాడు. వీధిలో నిలబడి సవాలు చేయలేదు. మూడుసార్లను ఆరుసార్లు చేసి పౌరుషం చూపలేదు. రెండుసార్లకు తగ్గించి లౌక్యమూ చూపలేదు. కిటికీ మూసుకోవచ్చు, మనసులోనే చెప్పుకోవచ్చు, ముప్పై రోజులే గదా, గడిచాక మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. మనకు క్షణంలో తోచే ఈ సర్దుబాట్లు ఆయనకు తోచకపోలేదేమో. కాని యెహోయాకీము ఏలుబడి మూడో ఏట, క్రీ.పూ. 605 ప్రాంతంలో, పసివయసులో చెరపట్టబడి వచ్చినవాడాయన. బబులోను క్రీ.పూ. 539లో కూలిపోయేనాటికి ఆయనకు ఎనభై ఏళ్ళ ప్రాయం. అంత దీర్ఘకాలం వంగిన మోకాలు ఆ సాయంత్రం మళ్ళీ వంగడానికి వేరే ధైర్యాన్ని తెచ్చుకోనక్కరలేకపోయింది.

దానియేలు గ్రంథంలోనే మరొక చిన్న మాట ఉంది. చదివేవారు తరచుగా దాన్ని దాటి వెళ్ళిపోతారు. ప్రార్థిస్తున్న దానియేలు దగ్గరకు గబ్రియేలు దూత వచ్చిన సమయం చెబుతూ, అది సాయంకాల నైవేద్యపు వేళ అని వ్రాసి ఉంది. ఏ నైవేద్యం? ఎక్కడి బలిపీఠం? నెబుకద్నెజరు సేనలు యెరూషలేము దేవాలయాన్ని క్రీ.పూ. 586 ప్రాంతంలో తగలబెట్టాయి. ఈ ప్రార్థన జరిగేనాటికి దాదాపు యాభై ఏళ్ళుగా అక్కడ బలిపీఠం మీద నిప్పు లేదు, యాజకుడు లేడు, గొర్రెపిల్ల లేదు. కాని పరదేశంలో, పరాయి రాజు కొలువులో, పరాయి భాషలో లెక్కలు వ్రాసుకునే ఆ వృద్ధుని దినంలో ఆ వేళ చెరిగిపోలేదు. ఊరు పోయింది, రాజ్యం పోయింది, గుడి పోయింది, వేళ మిగిలింది. ఆ వేళకే పరలోకం నుంచి వర్తమానం వచ్చింది.

ఇప్పుడు గెత్సేమనే తోటకు రండి. ప్రభువును రాత్రివేళ జనం లేని చోట పట్టించాలని యూదా ఇస్కరియోతు బేరం కుదుర్చుకున్నాడు. పస్కా పండుగకు వచ్చిన జనంతో యెరూషలేము కిటకిటలాడుతోంది. అంత జనంలో, చీకట్లో, ఒక మనిషిని ఎక్కడ వెదకాలి? యూదా వెదకనే లేదు. నేరుగా నడిచాడు. ఆ చోటు అతనికి తెలుసునని యోహాను వ్రాశాడు. యేసు తన శిష్యులతో తరచుగా అక్కడికి వెళ్ళేవాడు గనుక. ఆ రాత్రి కూడా ఆయన తన వాడుక చొప్పుననే ఒలీవల కొండకు వెళ్ళాడని లూకా వ్రాశాడు. తనను అప్పగించబోయేవాడు ఎవరో తెలిసినవాడు, కావాలంటే ఆ ఒక్క రాత్రి వేరే చోట ప్రార్థించుకోవచ్చు. బేతనియలో ఆయనను ప్రేమించే ఇల్లుంది. ఆయన చోటు మార్చలేదు.

దానియేలు శత్రువులకు, ప్రభువును అప్పగించినవాడికి ఒకే సంగతి తెలుసు: ఈయన ఏ వేళకు ఎక్కడ ప్రార్థిస్తాడో. కాబట్టి నేను మిమ్మల్ని అడగదలచిన ప్రశ్న ఒక్కటే. మిమ్మల్ని ప్రార్థనలో పట్టుకోవాలని ఎవడైనా బయలుదేరితే, ఎన్ని గంటలకు ఎక్కడికి రావాలో అతనికి తెలుస్తుందా? మీ శత్రువు సంగతి సరే. మీ భార్యకు తెలుసా? మీ భర్తకు తెలుసా? అమ్మ ఏ వేళకు మోకాళ్ళ మీద ఉంటుందో మీ పిల్లవాడు చెప్పగలడా? మీరు ఏ హోటల్లో టిఫిన్ చేస్తారో, ఏ కొట్టు దగ్గర టీ తాగుతారో, ఎన్నింటికి ఏ సీరియల్ చూస్తారో మీ వీధి వీధంతా చెప్పగలదు. ప్రార్థన సంగతి మాత్రం మీకే తెలియకపోతే, అది చోటూ వేళా లేని ప్రార్థన అన్నమాట. చోటూ వేళా లేనిది ఎంతకాలం సాగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

"గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొమ్మని ప్రభువే చెప్పాడు గదా, నలుగురికీ తెలియడం ఎందుకు?" అంటారు. మంచి ప్రశ్న. ప్రభువు తలుపు మూయమన్నది పొగడ్త లోపలికి రాకుండా. సందు మొగల్లో నిలబడి జనం మెప్పు కోసం ప్రార్థించేవారిని గురించి ఆయన ఆ మాట అన్నాడు. దానియేలు కిటికీ యెరూషలేము కోసం తెరిచి ఉంది. వీధి కోసం కాదు. తలుపు మూసుకున్న గదిలో ఏం జరిగిందో ఎవరికీ తెలియనక్కరలేదు. ఆ తలుపు రోజూ ఒక వేళకు మూతపడుతుందని ఇంట్లో ఉన్నవారికి తెలియకుండా ఉండడం అసాధ్యం. అసలు రహస్యంగా ప్రార్థించేవారి సంగతి ఇలాగే బయటపడుతుంది.

మరికొందరు ఇంకొంచెం లోతుగా అడ్డు చెబుతారు. మనసు రాకుండా చేసే ప్రార్థన ఎందుకు, అలవాటు పడితే నోరు ఆడుతుంది గాని గుండె కదలదు, అంతకన్నా ఆత్మ ప్రేరేపించినప్పుడు కన్నీళ్ళతో చేసుకోవడం మేలు గదా అని. ఈ వాదన చేసేవారిలో నిజాయితీపరులు ఉన్నారు. వారిని నేను తక్కువ చేయను. పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండి కూడా దేవునికి సుంకరి కంటే దూరంగానే నిలిచిపోయాడు. అలవాటుతో రక్షణ కొనలేము. మోకాళ్ళ లెక్క చూపించి దేవుణ్ణి బాకీదారుణ్ణి చేయలేము. అపొస్తలుల తరం ముగిసే రోజుల నాటిదిగా పండితులు ఎంచే డిడాకే అనే చిన్న బోధగ్రంథంలో, వేషధారులు సోమ గురువారాల్లో ఉపవాసం ఉంటారు గనుక మీరు బుధ శుక్రవారాల్లో ఉండండి అని ఉంది. వారం మార్చినంత మాత్రాన వేషం మారుతుందా అని ఆ గ్రంథకర్తను అడగాలనిపిస్తుంది. కాని ఆ వెంటనే ఆయన ప్రభువు నేర్పిన ప్రార్థనను దినానికి మూడుసార్లు చెప్పుకోమన్నాడు. వేషధారణకు మందు వేళ మానేయడం అని ఆ తొలినాటి సంఘం అనుకోలేదు. ఆ వేళను కాపాడుకుంటూనే దానికి ప్రభువు మాటలను ఇచ్చింది.

మనసు వచ్చినప్పుడే ప్రార్థిస్తానన్నవాడికి మనసు ఎప్పుడొస్తుందో మన అనుభవాలే చెబుతాయి. జ్వరం వచ్చినప్పుడు వస్తుంది. పరీక్ష ఫలితాల ముందు రోజు వస్తుంది. వీసా ఇంటర్వ్యూకు వెళ్ళే ఉదయం వస్తుంది. అంటే మన మనసు దేవుని కోసం రావడం లేదు. అవసరం దాన్ని ఈడ్చుకొస్తోంది. వేళకు మోకరించేవాడు అవసరం లేని రోజున కూడా ఆయన సన్నిధికి వెళ్తాడు. ఏమీ అడగనక్కరలేని రోజున తండ్రి దగ్గర కూర్చునే కొడుకుకే తండ్రి స్వభావం తెలుస్తుంది.

మన తెలుగు సంఘాల్లో ఒక సంగతి నన్ను కలతపెడుతుంది. మనకు కూటాలంటే ప్రీతి. ఉజ్జీవ కూటాలు, ఉపవాస కూటాలు, మూడు రాత్రుల మహాసభలు, లెంటు కాలంలో నలభై దినాల ధ్యానాలు, డిసెంబరు 31 రాత్రి నిండిపోయే గుడులు. ఆ రాత్రి పన్నెండు కొట్టాక చేతికి వచ్చే వాగ్దాన కార్డును కళ్ళకద్దుకుని, ఈ ఏడాది బైబిలంతా చదువుతామని ప్రతిజ్ఞ చేస్తాం. ఆదికాండం సంక్రాంతి దాకా చక్కగా నడుస్తుంది. ఎర్ర సముద్రమూ దాటుతాం. లేవీయకాండం వాకిట్లో చాలా బైబిళ్ళు మూతపడతాయి. నేను కూటాలను తూలనాడడం లేదు. అక్కడ వెలిగిన దీపాలు నిజమైనవే. కాని కూటం లేని మంగళవారం సాయంత్రం మన ఇళ్ళల్లో ఏముంది? ఆ రోజును గురించి ఏ ప్రసంగీకుడూ పోస్టరు వేయడు. మన జీవితంలో ఎక్కువ భాగం ఆ రోజులే.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా కురిసిన పద్ధతి చూడండి. మనిషికి ఒక ఓమెరు, ఒక దినానికి. ఆశకొద్దీ రేపటికి దాచినవారికి తెల్లారేసరికి పురుగులూ కంపూ మిగిలాయి. విశ్రాంతి దినం కోసం ఆరో దినాన రెండింతలు ఏరుకున్నది మాత్రం చెడలేదు. నలభై ఏళ్ళు ఇదే క్రమం. గత శుక్రవారపు కూటంలో కారిన కన్నీరు ఈ బుధవారానికి ఆహారం కాదని మోషే ప్రజలు ముక్కు మూసుకొని నేర్చుకున్నారు.

మనం చరిత్రను తలచుకునే తీరులోనూ ఈ లోపమే ఉంది. ఒంగోలు ప్రార్థన కొండ గురించి వినని తెలుగు బాప్టిస్టు కుటుంబం ఉండదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలైన లైమన్ జూవెట్ దంపతులు, వారితో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. 1878 జూలై 3 కూడా మనకు కంఠస్థమే. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రెండు దినాలనూ గొప్పగా చెప్పుకుంటాం. కాని వారు కొండ దిగాక, వారు అడిగిన ఆ సేవకుడు జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు కాపురం వచ్చేసరికి 1866 అయింది. మధ్యలో పన్నెండేళ్ళున్నాయి. అప్పటికి నెల్లూరులో ఉన్నది చిన్న సంఘం. ఈ మిషన్ను మూసివేద్దామా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జనలు పడుతున్న కాలం. ఆ పన్నెండేళ్ళ ఉదయాలకు జ్ఞాపకస్తంభం లేదు. కొండ మీది ప్రార్థనకు జవాబు వచ్చేదాకా విడవకుండా కాచుకున్నవి ఆ ఉదయాలే.

2,222 మంది నది నుంచి తమ పల్లెలకు తిరిగి వెళ్ళాక ఏం చేశారన్నది ఇంకా గొప్ప సంగతి. మాదిగపల్లెల నుంచి ప్రభువును వెంబడించిన ఆ తొలి విశ్వాసుల ముందు క్లౌ పెద్ద వేదాంతం పెట్టలేదు. విగ్రహారాధన వద్దు, చచ్చిన పశువు మాంసం వద్దు, ఆదివారం పని వద్దు అన్న మూడు కట్టుబాట్లు పెట్టారు. మూడోది వినడానికి తేలిక. కాని ఊరికి వెట్టి చేయవలసిన మనిషి, పిలిచినప్పుడు పరుగెత్తవలసిన మనిషి, "ఈ రోజు రాను, ఈ రోజు నా ప్రభువుది" అని చెప్పడమంటే ఊరి అధికారం మొత్తాన్ని ఎదిరించడమే. ఊరి పెద్దలు కన్నెర్రజేశారు, హింసించారు. వారానికి ఒక దినాన్ని తమది కాదనిపించుకొని దేవునికి ఇచ్చినందుకు ఆ నిరుపేదలు ఏడు దినాలూ బాధపడ్డారు. చదువు రాని ఆ తాతల చేతిలో బైబిలు లేదు, ఆదివారం ఉంది. వారిని మనుషులుగా నిలబెట్టిన అలవాటు అది.

వారి మనవలు మనం. మన ఆదివారం ఏమైంది? వెట్టికి పిలిచేవాడు లేడు. మనమే దాన్ని అమ్ముకున్నాం. కొంత ట్యూషన్లకు, కొంత క్రికెట్‌కు, కొంత నిద్రకు. చాలా ఊళ్ళలో ఆదివారం ఉదయం మొదటి గంట కన్నా ముందే మాంసం కొట్టు దగ్గర వరుస కడతాం. ఆరాధన మొదలై మూడో పాట పాడేవేళకు చెమట తుడుచుకుంటూ గుడిలోకి వస్తాం. మాంసం తినవద్దని కాదు నేననేది. శనివారం సాయంత్రం కూడా ఆ కొట్టు తెరిచే ఉంటుందని గుర్తుచేస్తున్నాను.

ఇక అలవాటును ఎలా కట్టుకోవాలి అన్న సంగతి. ఇందులో పెద్ద రహస్యం లేదు గనుకనే చాలామంది దీన్ని తృణీకరిస్తారు.

మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ తన యౌవనాన్ని గురించి ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. రోజూ నడిరాత్రి మెలకువ వచ్చి చాలాసేపు నిద్ర పట్టేది కాదట. శరీరానికి కావలసిన దానికన్నా ఎక్కువసేపు పడుకుంటున్నానేమో అనుకొని, అలారం గడియారం తెచ్చుకొని మరునాడు ఏడింటికి లేచాడు. రాత్రి మళ్ళీ మెలకువ. రెండో రోజు ఆరింటికి. మళ్ళీ మెలకువ. మూడో రోజు ఐదింటికి. నాలుగో రోజు నాలుగింటికి. ఆ రాత్రి మెలకువ రాలేదు. అప్పటి నుంచి అరవై ఏళ్ళపాటు నాలుగు గంటలకే లేస్తున్నానని ముసలితనంలో చెప్పాడు. మీరూ నాలుగింటికి లేవండని నేననను. ఆయన అలవాటు కట్టుకున్న తీరు చూడమంటున్నాను. గంట గంట జరుపుకుంటూ, తన దేహాన్ని పరీక్షించుకుంటూ, కుదిరిన చోట ఆగి, ఆ తర్వాత మాత్రం అరవై ఏళ్ళు కదలలేదు. మనం దీనికి సరిగ్గా తలక్రిందులు. మొదటి రోజే మూడున్నరకు అలారం పెట్టి, నాలుగో రోజుకు అలారాన్నే తీసేస్తాం.

కాబట్టి చిన్నదిగా మొదలుపెట్టండి, కాని వేళను చిన్నచూపు చూడకండి. బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుందని మన పెద్దలు లెక్క కట్టి చెప్పేవారు. ఆ పరుగు అందుకోలేనివారు రోజుకు ఒక్క అధ్యాయం చదవండి. మూడేళ్ళ మూడు నెలల్లో లేవీయకాండం కూడా దాటి ప్రకటన గ్రంథం చివర నిలబడతారు. ఏడాదిలో ముగించాలని చట్టం లేదు.

తలాపున ఫోను పెట్టుకొని పడుకునేవారు ఉదయపు ప్రార్థన గురించి మాట్లాడడం నాకు వింతగా ఉంటుంది. కళ్ళు పూర్తిగా తెరుచుకోకముందే బొటనవేలు దాని మీదికి వెళ్తుంది. రాత్రి వచ్చిన వాట్సాప్ సందేశాలు, ఎవరో పంపిన గుడ్ మార్నింగ్ వచనం, దాని కింద ఒక వీడియో, ఆ వీడియో కింద మరొకటి. తల ఎత్తి చూసేసరికి పాలవాడు వచ్చి వెళ్ళిపోయి ఉంటాడు. బైబిలు ఫోన్లోనే ఉందంటారు. ఉంది, ఊరంతా కూడా దాంట్లోనే ఉంది. చార్జరును వంటింట్లోకి మార్చండి. తలాపున అచ్చు బైబిలు, కళ్ళజోడు ఉంచండి. ఇంత చిన్న పనికి హితబోధ ఎందుకని నవ్వకండి. మంచం నుంచి చెయ్యి చాస్తే ఏది తగులుతుందో దాన్ని బట్టే చాలామంది దినం ఆరంభమవుతోంది.

పొలం తెలిసినవారికి ఒక మాట చెబుతాను. వాన పడి పదును మీద ఉన్న రోజున ఏ రైతూ కొత్త కోడెను తెచ్చి అరక కట్టడు. పని లేని వేసవిలోనే దాని మెడకు కాడి అలవాటు చేస్తాడు. మొదట ఉత్త కాడి, తర్వాత తేలిక బరువు, ఆ తర్వాతే దుక్కి. తన కాడి ఎత్తుకొని తన దగ్గర నేర్చుకొమ్మని ప్రభువు మనల్ని పిలిచాడు. ఆస్పత్రి వరండాలో, అప్పులవాడు వాకిట్లో నిలబడ్డ రోజున, కొడుకు ఇల్లు విడిచి వెళ్ళిన రాత్రి, ఆ కాడిని కొత్తగా మెడకెత్తుకోవడం మాటలు కాదు. కష్టం లేని ఈ రోజుల్లోనే నేర్చుకోవాలి.

ప్రార్థన ఒక్కటే అలవాటు కాదు. మన పల్లెల్లో తల్లులు పాటించే పిడికెడు బియ్యపు కానుకను చూడండి. ఎసరు మరుగుతుంటుంది. చేటలో బియ్యం చెరిగి, రాళ్ళు ఏరి, కడగబోయే ముందు ఆ తల్లి ఒక్క క్షణం ఆగి, పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేస్తుంది. ఆమె నోట ఏ ప్రార్థనా ఉండకపోవచ్చు. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్న రోజున ఆ పిడికిలి కొంచెం వదులుగా ఉంటుంది, డబ్బా అడుగు కనబడే రోజున కొంచెం బిగుతుగా ఉంటుంది; కాని ఖాళీగా ఉండదు. ఆదివారం ఆ ముంత సంచిలోకి, సంచి గుడిలోకి వస్తుంది. కానుకల విషయమై ఒక గ్రంథమే వ్రాసిన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు (1874–1945) నిరుపేద సంఘాలు కూడా తమకున్న దానిలోంచే ఇవ్వాలని పట్టుబట్టారు. పేదవాడని వదిలేస్తే వాడి గౌరవాన్ని తగ్గించినట్టేనన్నది ఆయన ఎంచుకున్న దారి. నెల జీతం అందుకునే మనకు ఈ పిడికిలి ఎక్కడుంది? ఇల్లు ఖర్చులన్నీ పోగా మిగిలితే కానుక వేద్దామనుకుంటాం. ఆ తల్లి అన్నం వండుకున్నాక మిగిలినది వేయలేదు. ఎసట్లో బియ్యం పడకముందే తీసింది.

ఒంటరిగా అలవాటు నిలవడం కష్టం. 1742లో బ్రిస్టల్‌లోని మెథడిస్టు కూటపుటింటి మీద అప్పుంటే, దాన్ని తీర్చడానికి మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున వసూలు చేద్దామనుకున్నారు. పన్నెండుమందికి ఒక పెద్ద. అతడు వారం వారం ఇంటింటికీ వెళ్ళేసరికి, పెన్నీతో పాటు ఆ ఇంటి కష్టాలు, తాగుడు, తగవులు, చల్లబడిన భక్తి అన్నీ కంటబడ్డాయి. అక్కడి నుంచి ఆ పన్నెండుమంది గుంపులు ఒకరి ఆత్మను ఒకరు కనిపెట్టుకునే వారపు కూటాలయ్యాయి. మన ఊళ్ళలో కాటేజ్ ప్రేయర్లు అలాంటి పనే చేయగలవు. వచ్చినవారు ఒకరినొకరు "ఈ వారం ఎలా ఉన్నావమ్మా" అని నిజంగా అడిగి, జవాబు వినేదాకా ఆగితే. బూందీ మిక్చరు ప్లేట్లు వచ్చేసరికి ఆ ప్రశ్న మరుగునపడుతోంది.

తప్పిపోతే? తప్పిపోతారు. నాలుగు రోజులు బాగా నడిచి ఐదో రోజు పెళ్ళి ప్రయాణంలో పోతుంది. ఆరో రోజు సిగ్గు. ఏడో రోజు, "ఇక వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి" అంటాం. సాతానుకు ఈ ఒకటో తారీఖు చాలా ఇష్టమని నా అనుమానం. ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటే కసీనో కొండ మీద మఠం నడిపిన బెనెడిక్టు తన సన్యాసులకు వ్రాసిన నియమావళిలో దినానికి ఏడు ప్రార్థనా వేళలు, రాత్రి మరొకటి, వారం తిరిగేసరికి 150 కీర్తనలూ పూర్తి కావాలన్న కట్టడి ఉన్నాయి. వింటేనే భయం వేస్తుంది. కాని అదే మనిషి అదే నియమావళిలో, రాత్రి ప్రార్థన ఆరంభంలో వచ్చే ఒక కీర్తనను బాగా సాగదీసి మెల్లగా చెప్పమన్నాడు. నిద్ర లేవడం ఆలస్యమైనవాడు అది ముగిసేలోగా వచ్చి చేరుకుంటాడని. నిద్రమత్తువాళ్ళు సాకులు చెబుతారు గనుక, లేచేటప్పుడు ఒకరినొకరు మెత్తగా ప్రోత్సహించుకోమన్నాడు. కఠినమైన క్రమంలో ఆలస్యమైనవాడికోసం ఇంత చోటు ఉంచిన ఆ వృద్ధుణ్ణి నేను ఎంతగానో గౌరవిస్తాను. మీ ఇంట్లో ప్రార్థనకు ఆలస్యంగా వచ్చిన కొడుకును అందరి ముందూ గద్దించకండి. పాట ఇంకొక చరణం పాడండి. మీరే తప్పిపోతే వచ్చే నెల కోసం చూడకండి. ఉదయం పోతే సాయంత్రం ఉంది.

ఎండిన రోజులు కూడా వస్తాయి. నోటికి మాట రాదు. చదివిన అధ్యాయం రాయిలా ఉంటుంది. అప్పుడు కొత్త మాటల కోసం ప్రయాసపడకండి. కీర్తనల గ్రంథం తెరిచి దావీదు మాటలనే అరువు తెచ్చుకోండి. ప్రభువు సిలువ మీద అదే చేశాడు. ప్రభువు ప్రార్థనను నిదానంగా ఒక్కసారి చెప్పి లేవండి. నిమిషమే అయినా ఆ వేళ పోలేదు. మీ మనసు ఎంత చల్లగా ఉందో చూసి మీ ప్రార్థనను తూచకండి. తూచే పని మీది కాదు.

తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండు మూడు ఉన్నాయి. కుటుంబ ప్రార్థనను అన్నం తిన్నాక పెట్టకండి. పిల్లలు గోడకు చేరగిలబడి నిద్రపోతారు, ఆ నిద్రకు మీరు కోప్పడతారు, ప్రార్థన అంటే తిట్లు తినే వేళ అని వారి మనసులో నాటుకుంటుంది. అన్నానికి ముందు పెట్టండి. పావుగంట మించనివ్వకండి. ఒక పాట, ఒక అధ్యాయమో సగమో, ఒకరి ప్రార్థన. చదవడం వచ్చిన పిల్లల చేత చదివించండి. తప్పు చదివితే మధ్యలో దిద్దకండి. చూపు మందగించిన నాయనమ్మ ఉంటే, ఆమెకు కంఠస్థమైన కీర్తనను ఆమె చేతనే చెప్పించండి. రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సులు, లారీ తోలేవారు, కోతల రోజుల్లో చీకటి పడ్డాక ఇంటికి చేరే కూలీలు తమకు ఈ వేళ కుదరదని బాధపడనక్కరలేదు. విశ్రాంతి దినం మనిషి కోసమే ఏర్పడిందని ప్రభువే చెప్పాడు. ప్రార్థనా వేళ కూడా అంతే. డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పిన వేళే మీ వేళ కావచ్చు. ఏదో ఒకటి మీది అని ఖాయం చేసుకోండి, ఇంట్లో అందరికీ చెప్పండి.

చివరగా చుట్టాల సంగతి. మన అలవాట్లను ఎక్కువగా చెరిపేది శ్రమ కాదు, చుట్టరికం. ఎవరో వచ్చారని ఆ పూట మానేస్తాం, వారు నాలుగు రోజులుంటే నాలుగు పూటలు. వచ్చినవారు విశ్వాసులైతే ఇంకొక చాప పరవండి, పాట వారి చేత ఎత్తించండి. విశ్వాసులు కానివారైతే బలవంతపెట్టకండి, నొప్పించకండి. ఒక గ్లాసు కాఫీ చేతికిచ్చి, "బాబాయిగారూ, మాకు ఇది ప్రార్థన వేళ. కాఫీ తాగుతూ ఉండండి, పదిహేను నిమిషాల్లో వచ్చేస్తాం" అని చెప్పి లోపలికి వెళ్ళండి. ఆయన ఏమీ అనుకోడు. తమ ఇంట్లో పూజ వేళకు మీరు వెళ్తే ఆయన చెప్పేదీ అదే. రెండోసారి వచ్చేటప్పుడు ఆ వేళ తప్పించుకొని వస్తాడు. లేదా, ఇంట్లో ఏదైనా పెద్ద కష్టం వచ్చినప్పుడు, సరిగ్గా ఆ వేళకే వస్తాడు.